రాజుగారు నవ్వాకే నవ్వాలి

మందరగిరి రాజు చిత్రసేనుడికి ఒకనాడు కొలువులో ఆవలింతతో పాటు ఓ సరదా పుట్టింది.

"నవ్వించడంలో మొనగాడెవడో రేపు తేలిపోవాలి. మన ఆస్థాన హాస్యవిద్వాంసుడు ఉద్దండభట్టు ఒకవైపు, సంతల్లో కథలు చెప్పే చెంచయ్య ఒకవైపు. ఓడినవాడు ఈ రాజ్యంలో మళ్లీ జనం ముందు నోరు విప్పకూడదు!" అన్నాడు.

చెంచయ్యకి బెంగ పట్టుకుంది. అతనికి నోరు తప్ప వేరే ఆస్తి లేదు. మేళం లేదు, వంత పలికేవాడు లేడు. ఒక్కడే నిలబడి అత్తా తనే, కోడలూ తనే, మధ్యన నలిగే కొడుకూ తనే అయి, ఎండుచేపల గంపల పక్కన మొదలుపెట్టి కోటగుమ్మం దాకా వచ్చాడు. కథ నచ్చకపోతే సంతలో పుచ్చు వంకాయలు విసిరేవారు. అదే అతను చదువుకున్న బడి.

భట్టుకి అలాంటి బెంగే లేదు. కొలువులో ఒక ఆచారం ఉంది. రాజు నవ్వితేనే మిగతావాళ్లు నవ్వాలి. భట్టు ఏదో సమాసం విసరగానే, అర్థం కాలేదంటే పరువు పోతుందని చిత్రసేనుడు మూతి కాస్త కదిపేవాడు. అంతే, మంత్రి పొట్ట పట్టుకునేవాడు, సేనాపతి తొడ చరిచేవాడు. జీతానికి నవ్వే జాతి! ఆ ఇకిలింపులు చూసి భట్టు తనంతవాడు లేడని నిజంగానే నమ్మాడు.

"సంతలో కూతలు కూసేవాడితోనా నాకు పోటీ? నక్క ఎక్కడ, నాకలోకం ఎక్కడ!" అని మూతి విరిచాడు.

చెంచయ్య రాజు దగ్గరికెళ్లి చెవిలో ఏదో చెప్పాడు. రాజు కళ్లు మెరిశాయి.

మర్నాడు సింహాసనం ముందు తెర కట్టారు. ప్రభువులు తెర వెనక నుంచి వింటారనీ, సభలో నవ్వుని బట్టే తీర్పనీ భటుడు చాటాడు. ఊరి జనాన్ని కూడా పిలిచి వెనక నిలబెట్టారు.

ముందు భట్టు లేచాడు. మూరెడు సమాసం వదిలి, తానే ఓసారి నవ్వి ఆగాడు. పెద్దలంతా తెరవైపు చూశారు. తెర కదల్లేదు. మంత్రి నవ్వబోయి దగ్గాడు. సేనాపతి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వెనకనున్న జనానికి ముక్క అర్థం కాలేదు. భట్టు ఇంకోటి వదిలాడు, ఇంకోటి వదిలాడు. చీమ చిటుక్కుమంటే వినిపించేలా ఉంది సభ.

"వాడికీ ఇదే గతి పడుతుందిలే," అని గొణుక్కుంటూ చెమట తుడుచుకుని కూర్చున్నాడు.

చెంచయ్య పరామర్శ కథ ఎత్తుకున్నాడు. ముఖస్తుతిలో పేరుమోసిన పెద్దమనిషి ఒకడు చావు పరామర్శకి బయల్దేరి, పొరపాటున పక్కింట్లో దూరాడు.

"అయ్యో తల్లీ, నీ మొగుడు ఎంత ధర్మాత్ముడమ్మా!" అని గుండెలు బాదుకున్నాడు.

అంతలో ఆ మొగుడే మజ్జిగ చెంబుతో వచ్చాడు. "ఏవండోయ్, నేను బతికే ఉన్నానండీ!"

పెద్దమనిషి కళ్లెర్రజేశాడు. "నువ్వు నోర్ముయ్యవయ్యా! పోయినాయన గొప్పతనం నీకేం తెలుసు?"

సభలో పెద్దలు పెదాలు కొరుక్కుంటూ తెరవంకే చూస్తున్నారు. వెనక వరసలో గొంగళి ముసుగేసుకున్న ఒకడు మాత్రం ఘొల్లుమన్నాడు. నవ్వీ నవ్వీ పక్కవాడి భుజమ్మీద వాలిపోయాడు. జనానికి కొలువు ఆచారాలేం తెలుసు? వాళ్లూ అందుకున్నారు.

భట్టుకి ఒళ్లు మండిపోయింది.

"ప్రభువులు నవ్వకముందే ఓండ్రపెట్టే ఆ గాడిదెవడ్రా? మెడబట్టి గెంటండి!"

గొంగళి జారింది. లోపల ఉన్నది చిత్రసేన మహారాజు! కళ్లనీళ్లు తుడుచుకుంటూ తెర తియ్యమని సైగ చేశాడు. సింహాసనం బోసిగా ఉంది. ఇంతసేపూ అంతంత పెద్దలు వట్టి కుర్చీకి జడిసి నవ్వు మింగారు.

భట్టు రాజు కాళ్లమీద పడ్డాడు. "తమరి నవ్వని పోల్చుకోలేకపోయాను ప్రభూ! క్షమించండి!"

చెంచయ్య వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"అందులో భట్టుగారి తప్పేముంది మహారాజా? పాపం, తమరు నవ్వగా ఆయన ఎన్నడూ వినలేదు!"

ఈసారి మంత్రి కూడా రాజు వైపు చూడటం మరిచిపోయి పకపకా నవ్వేశాడు. చిత్రసేనుడు తన మెడలోని ముత్యాలహారం తీసి చెంచయ్య మెడలో వేసి, భట్టు కూర్చునే పీఠం మీద అతన్ని కూర్చోబెట్టాడు.