ఎర్రచుక్కల గళ్లు

ఆకివీడులో రొయ్యల చెరువులకు ఏరేటర్లు అమ్మి, చెడిపోతే బాగుచేయించే రుద్రరాజుకు అవతలివాళ్ల సంగతులు ఆమూలాగ్రం తెలిసేదాకా ముద్ద దిగేది కాదు. ఊళ్లో మిగతావాళ్లకు ఆ జబ్బు లేదని కాదు. వాళ్లు దానికోసం కంప్యూటరు కొనలేదు, అంతే.

రుద్రరాజు కొన్నాడు. ఖాతాదారుల వివరాలు, ఫిర్యాదులు ఎక్కించే సాఫ్ట్‌వేర్ కూడా తెప్పించాడు. రైతు ఫోన్ చేస్తే దుకాణంలో ఉండే సువర్ణ ఆ సంగతి అందులో ఎక్కించేది. అది వెంటనే మెకానిక్ ఫోన్‌కు చేరేది. అతను బండేసుకుని చెరువు దగ్గరికి వెళ్లేవాడు. ఆగిన ఏరేటరు మళ్లీ నీళ్లను చిలికి, రొయ్యలకు గాలి అందించేది. ఇంత సాఫీగా జరిగిపోవడం రుద్రరాజుకు నచ్చలేదు.

భీమవరం నుంచి హిమజను పిలిపించాడు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరి వ్యాపారానికి తగినట్టు వాళ్లకు మార్చిపెట్టడం ఆమె పని.

"ఇందులో ఇంకొన్ని గళ్లు కలపాలమ్మా," అన్నాడు రుద్రరాజు. "ఇంటిపేరు, పెళ్లిరోజు, మేత ఎవరి దగ్గర కొంటాడు, మన ఊళ్లో ఎవరికి చుట్టం, మామగారిది ఏ ఊరు."

"ఏరేటర్ బాగుచెయ్యడానికి మామగారి ఊరు దేనికండీ?"

"చుట్టరికం కలిస్తే బేరం కలుస్తుంది. నీకింకా పెళ్లి కాలేదు, తెలియదులే."

హిమజ నవ్వి గళ్లు కలిపింది. "చెప్పినవాళ్లు చెప్తారు, లేకపోతే ఖాళీగా వదిలేస్తాం," అంది.

"ఖాళీగానా!" రుద్రరాజు ఉలిక్కిపడ్డాడు. "అన్నిటికీ ఎర్రచుక్క పెట్టు. చుక్క ఉన్న గడి నిండందే ఫిర్యాదు కదలకూడదు. అన్నీ నిండాక కూడా, నా గదిలో కంప్యూటరు మీద నేను సరేనంటేనే మెకానిక్‌కు వెళ్లాలి."

"మీరు ఊళ్లో లేకపోతేనో?"

"నేనెక్కడికి పోతానమ్మా?"

"మీ ఇష్టమండీ. కానీ ఫోన్ చేసేవాడు చెరువు గట్టు మీద కంగారులో ఉంటాడు."

"కంగారులోనే మనిషి నిజం చెప్తాడు," అన్నాడు రుద్రరాజు.

అంతటితో ఊరుకోలేదు. రైతులు చాటుగా మెకానిక్‌లను పిలుచుకుంటున్నారని అనుమానం వచ్చి, పనివేళల్లో వాళ్ల సొంత ఫోన్లు తన గదిలో పెట్టించాడు. సాఫ్ట్‌వేర్ నుంచి పని వస్తే తప్ప మోగని ఫోన్లు చేతికిచ్చాడు. "ఫోన్ చేసింది దేవుడైనా సరే, గళ్లు నింపాకే," అని సువర్ణకు గట్టిగా చెప్పాడు. దేవుడైతే ఫోన్ చెయ్యలేదు. రైతులు చేశారు. ఒకాయన పెళ్లిరోజు గుర్తురాక పక్కనే ఉన్న భార్యను అడిగాడట. ఆ పూట ఆయనకు అన్నంలోకి మజ్జిగ కూడా దొరకలేదని ఊరంతా చెప్పుకున్నారు. విసిగినవాళ్లు మెల్లగా వేరే దుకాణాల దారి పట్టారు. మిగిలినవాళ్ల చుట్టరికాలు మాత్రం రుద్రరాజుకు కంఠతా వచ్చాయి.

ముసురు పట్టిన ఒకనాడు రుద్రరాజు కైకలూరు దాటి వియ్యంకుడు సూరపరాజు ఇంటికి భోజనానికి వెళ్లాడు. కూతుర్ని ఇచ్చిన ఇల్లు. తెగులు తగిలి వాళ్లకు వరసగా పంటలు పోయాయి. ఈసారి మాత్రం రొయ్య చక్కగా ఎదిగి, పట్టి అమ్ముకునే అదనుకు వచ్చింది. ఇదీ పోతే చెరువు వదులుకుని, ఇల్లు సర్దుకుని ఊరు విడిచిపోవడం తప్ప దారి లేదు.

చేపల పులుసుతో తిని, ఆకువక్క నములుతూ ఇద్దరూ గట్టు మీదికి వచ్చారు. ఉన్నట్టుండి ఏరేటర్లన్నీ ఆగిపోయాయి. స్టార్టర్ పెట్టెలోంచి కాలిన వాసన వచ్చింది. అసలే ఎండ లేని రోజు, నీళ్లలో గాలి తక్కువ. కాసేపటికే రొయ్యలు గట్టు వారకు చేరి పైకి తేలసాగాయి.

"కంగారుపడకండి బావగారూ. మన దుకాణం పనితనం చూద్దురుగాని," అంటూ రుద్రరాజు దర్జాగా ఫోన్ తీశాడు. "సువర్ణా, మా బావగారి చెరువులో ఏరేటర్లు ఆగిపోయాయి. మెకానిక్‌ను పంపు."

"ఎక్కిస్తున్నానండీ. వారి మామగారిది ఏ ఊరు?"

"ఇప్పుడదెందుకే?"

"ఎర్రచుక్క ఉందండీ. కదలనివ్వట్లేదు."

రుద్రరాజు వియ్యంకుడి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీ మామగారిది ఏ ఊరండీ?" అన్నాడు.

సూరపరాజు తేలుతున్న రొయ్యల వంక, వియ్యంకుడి వంక చూశాడు. "పిల్లనిచ్చేటప్పుడు అడగలేదే!" అన్నాడు. అయినా చెప్పాడు.

"పెళ్లిరోజండీ?" అంది సువర్ణ.

సూరపరాజు ఇంటివైపు తిరిగి భార్యను కేకేశాడు. ఇంట్లోంచి వచ్చిన జవాబు తేదీ కాదు.

"నోటికొచ్చింది ఎక్కించవే తల్లీ!" అని అరిచాడు రుద్రరాజు.

"అన్నీ ఎక్కించానండీ. ఇక మీ గదిలోంచి మీరు సరేననడమే."

రుద్రరాజు జేబు తడుముకున్నాడు. గది తాళంచెవి అందులో భద్రంగా ఉంది. ఇంతకాలం పరాయివాళ్లను నిలబెట్టిన చోట ఇప్పుడు తన కూతురి కాపురం నిలబడి ఉంది. వెంటనే హిమజకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ చుక్కలన్నీ పీకెయ్. నా సరేనూ పీకెయ్!"

"మళ్లీ పెట్టమనరుగా?"

"నీ కాళ్లు పట్టుకుంటానమ్మా!"

"వద్దండీ, ఫోన్ పెట్టెయ్యండి. ఇక్కణ్ణుంచే తీసేస్తాను."

కూతురు, అల్లుడు ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి నీళ్లలో ఆక్సిజన్ మందు చల్లుతున్నారు. రుద్రరాజు ఇస్త్రీ పంచె ఎగ్గట్టి, బురదలోకి దిగి, వెదురుగడతో నీళ్లు బాదడం మొదలుపెట్టాడు. దానివల్ల రొయ్యలకు ఎంత గాలి అందిందో తెలియదు. ఆయన ఒంటికి మాత్రం మంచి పని తగిలింది.

ఇంతలో బండి చప్పుడైంది. చుక్కలు పోగానే ఫిర్యాదు ఫోన్‌కు చేరి, పక్క ఊళ్లోనే ఉన్న మెకానిక్ మస్తాన్ వచ్చేశాడు. నడుం లోతు నీళ్లలో ఉన్న యజమానిని ఎగాదిగా చూసి, ఏమీ అడక్కుండా కొత్త స్టార్టర్ బిగించాడు. ఏరేటర్ల రెక్కలు తిరిగాయి. నీళ్లు తెల్లగా నురగలెత్తాయి. పైకి తేలిన రొయ్యలు ఒక్కొక్కటే లోపలికి దిగిపోయాయి.

రుద్రరాజు గట్టు మీద బురదలోనే కూలబడి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. గట్టు వార బుట్టెడు రొయ్యలు పోయి ఉన్నాయి. మిగతా చెరువంతా బతికింది.

"పోనివ్వండి బావగారూ, రాత్రికి వేపుడు చేయిస్తాను. ఉండిపోండి," అన్నాడు సూరపరాజు.

ఇప్పుడు రుద్రరాజు దుకాణానికి ఫోన్ చేస్తే అడిగేది చెరువు ఎక్కడ, ఏం ఆగిపోయింది అని మాత్రమే. వెళ్లిపోయిన రైతులు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. మామగారి ఊరు ఆయన ఇప్పటికీ అడుగుతాడు. కాకపోతే ఏరేటర్ తిరిగాక, టీ ఇప్పించి అడుగుతాడు. పుట్టిన బుద్ధి అంతకంటే మారదు.

ఆపదలో ఉన్నవాడికి ముందు చెయ్యి అందించాలి. ఆరాలు తీయడానికి తర్వాత బోలెడు తీరిక ఉంటుంది.