ఆల్చిప్పలో ఆరిన ఉప్పు

వెనకటికెప్పుడో సముద్రపుటంచున ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు తెల్లారేసరికి ఆ రాజ్యంలో రవ్వంత ఉప్పు లేకుండా పోయింది. పశువులు మేత ముట్టలేదు. ఎండలో పనిచేసేవాళ్లు కాళ్లు పట్టేసి పడిపోసాగారు.

ఏడు సముద్రాల అవతలి కరాళుడనే మాంత్రికుడు ఉప్పంతా ఎత్తుకుపోయాడని తెలిసి పెద్దకొడుకు వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. చివరివాడు ఉదయకేతు బయల్దేరాడు. దారిలో వలకు చిక్కిన తాబేలును విడిపిస్తే, అది అతణ్ణి వీపునెక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

దీవి ఒడ్డున రెండు రాతిబొమ్మలు. అవి తన అన్నలేనని పోల్చుకుని ఉదయకేతు "అన్నా" అంటూ కూలబడిపోయాడు. ఉప్పుమడిలో పనిచేస్తున్న అమ్మాయి చూసి దగ్గరికొచ్చింది. ఆమె పేరు నూకాలు. మాంత్రికుడు ఉప్పుతోపాటు ఎత్తుకొచ్చిన పనివాళ్లలో ఒకతె.

"మాంత్రికుడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది బాబూ. ఆయన అడిగినదానికి నిజం చెబితే పంజరం తెరుచుకుంటుంది. తప్పితే ఇలా రాయే."

"ఏమడుగుతాడు?"

"సముద్రం నీళ్లలో ఉప్పెక్కువా, మనిషి చెమటలోనా అని. మీ పెద్దన్నగారు చెమటలో అన్నారు. రెండో ఆయన రెండూ ఒకటే అన్నారు."

ఉదయకేతు తన ముంజేయి నాకి చూశాడు. "నాకూ చెమటే అనిపిస్తోంది."

"అది ఆరిన చెమట. నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మిగిలింది. మీ పెద్దన్నగారూ అలాగే మోసపోయారు. రెండో ఆయన ఏరు కలిసేచోట నీళ్లు రుచి చూశారు. అక్కడ సముద్రం పలచన."

"మరి తెలిసేదెలా?"

"నాలుకను నమ్మకండి. రెండూ ఒకే కొలత పట్టి, మా మడిలోలాగా ఆరబెట్టాలి."

ఉదయకేతు మూడు రోజులు ఎండలో మడికి నీళ్లు తోడాడు. గడ్డం మీంచి, మోచేతుల మీంచి కారే చెమటను నూకాలు ఆల్చిప్పలో పట్టి, ఆరకుండా ఆకు కప్పింది. అది నిండాక, అదే కొలత ఆల్చిప్పలో నడిసముద్రపు నీళ్లు తాబేలు తెచ్చింది. రెండింటినీ కరాళుడి ముందే నిప్పుల మీద పెట్టారు.

సముద్రపు ఆల్చిప్పలో తెల్లగా పెచ్చు కట్టింది. చెమట ఆల్చిప్పలో పిండి చల్లినట్టు పలచని పొర, సముద్రపు పెచ్చులో పదోవంతు కూడా లేదు.

"అది రాజుగారి బిడ్డ చెమట," అన్నాడు కరాళుడు. "కష్టజీవి చెమట వేరు."

నూకాలు తను ఆ మూడు రోజులూ పట్టి ఉంచిన తన చెమటను మూడో ఆల్చిప్పలో పోసి కాచింది. కాస్త అటూఇటూగా అదే పొర.

"ఇంత తక్కువెందుకు?" అని ఉదయకేతు ఆశ్చర్యపోయాడు.

"ఉప్పంతా కారిపోతే మనిషి నిలబడగలడా బాబూ? అందుకే ఒళ్లు చాలామటుకు తనలోనే దాచుకుని, కొంచెమే వదులుతుంది."

ఉదయకేతు చిలక వైపు తిరిగాడు. "సముద్రం నీళ్లలోనే ఎక్కువ."

పంజరం తలుపు తెరుచుకుంది. చిలక ఎగిరిపోతుంటే కరాళుడు దాన్ని అందుకోబోయి, పొగలా కరిగిపోయాడు. అన్నలిద్దరూ ఒళ్లు విరుచుకుని లేచారు.

పడవల నిండా ఉప్పు నింపుతుండగా ఉదయకేతు నూకాలును పెళ్లికి అడిగాడు.

"మడి పని మానమంటారా?"

"మానొద్దు. నాకూ నేర్పు."

ఇల్లు చేరాక అన్నలు తామే ముందుకొచ్చి తమ్ముడికి పట్టం కట్టారు. ఉదయకేతు, నూకాలు మునిమనవల్ని ఎత్తుకునేదాకా ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు.