కన్నాల కన్నయ్య

పూర్వం నల్లరేగడి నేలలో వేణుగిరి అనే చిన్న సంస్థానాన్ని తిమ్మభూపాలుడు ధర్మబద్ధంగా పరిపాలిస్తూ, కొండవాలులో వెలసిన వేణుగోపాలస్వామికి ఆలయం కట్టించ సంకల్పించాడు. వాలును చదును చేయడానికి దిగువన పెద్ద గోడ లేపి, దాని వెనుక మట్టి నింపి, ఆ మిట్ట మీద గుడి నిలబెట్టాడు. అయితే ఆ మన్ను సామాన్యమైనది కాదు. ఎండాకాలంలో నడుములోతు నెర్రెలు విచ్చి నోరు తెరుచుకునేది, వాన పడగానే కడుపారా నీళ్లు తాగి ఉబ్బి, అడ్డమొచ్చిన దాన్నల్లా తోసేది. పాపం ఆ గోడ శ్రావణం వచ్చేసరికి పొట్ట ముందుకు పెట్టి కూలిపోయేది.

కూలినప్పుడల్లా రాజు మరింత లావుగా కట్టించేవాడు. సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి నూరించి, చీమ దూరే సందైనా మిగలకుండా పూయించి, స్వామివారి గోడలోంచి చుక్క నీరు కూడా బయటికి రాకూడదని శాసించాడు. భక్తికి లోటు లేదు. తప్పంతా ఆ పూతలోనే ఉందని మాత్రం మహారాజుకు తోచలేదు.

ఆ ఊళ్లో దూదన్న అనే దొంగ ఉండేవాడు. నడిస్తే అడుగు చప్పుడు కాదు గనుక ఆ పేరు వచ్చింది. స్వామి చేతిలోని బంగారు వేణువు మీద అతడు కన్నేశాడు, కన్నేసినవాడు కన్నం వేయకుండా ఉంటాడా! గోడ అడుగున కన్నం పెట్టి, మట్టిలోంచి దారి తొలుచుకుంటూ గర్భగుడిలో తేలాలని అతని ఎత్తు. అర్చకులు సింగరాచార్యులు నైవేద్యం ముగించి హాయిగా గురకపెట్టే మధ్యాహ్నవేళ వచ్చి తవ్వేవాడు. మర్నాటికల్లా తడికి మన్ను ఉబ్బి దారి పూడిపోయేది. పూడకుండా లోపల గులకరాళ్లు, పెంకులు కూరితే, నీళ్లు పారడానికి సందు మిగిలేది గాని మనిషి దూరడానికి మిగిలేది కాదు. విసుగొచ్చి ఆ కన్నానికి తంగేడు కొమ్మలు అడ్డం పెట్టి, పక్కనే ఇంకొకటి మొదలుపెట్టేవాడు. అలా గోడ తూర్పు సగమంతా కన్నాలమయమైంది.

ఒకనాటి పగలు కుండపోతగా వాన కురిసింది. గోడ పడమటి సగం పెళ్లున విరిగి పడింది. జనం పరుగున వచ్చి చూస్తే తూర్పు సగం చెక్కుచెదరలేదు. ప్రతి కన్నంలోంచీ నీళ్లు బురబురా బయటికి వస్తున్నాయి. చివరి కన్నంలోంచి మాత్రం రెండు కాళ్లు తన్నుకుంటున్నాయి. ఉబ్బిన మన్ను పట్టేసిన దూదన్నను నలుగురూ పట్టి ఈడ్చారు.

కన్నం వేసినవాడి కుడిచెయ్యి నరకాలని ఆ సంస్థానంలో శాసనం. కబురంది గోడ దగ్గరికి వచ్చిన రాజు మండిపడుతూ కత్తి తెమ్మన్నాడు.

“నరుకుదువులే దొరా, ముందు కడుక్కోనీ. ఈ మన్ను నాకంటే గజదొంగ. నీళ్లకు దారిచ్చిన చోట ఊరుకుండాది, ఇయ్యని చోట నీ గోడనే పడేసె” అని దూదన్న నవ్వబోతూ, మన్ను పట్టిన కుడిచేతిని కన్నంలోంచి వచ్చే నీళ్ల కింద చాపాడు. చూసినవాళ్ల ప్రాణం ఉసూరుమంది.

అప్పుడే నిద్రలేచి వచ్చిన ఆచార్యులవారు పైపంచె సర్దుకుంటూ, “ప్రభూ, తమరు స్వామి చేతికి చేయించినదేమిటి?” అని అడిగారు.

“వేణువు.”

“కన్నాలు లేకుండా చేయించారా?”

“కన్నాలు లేని వేణువు ఉంటుందా!” అన్నాడు రాజు.

“ఊపిరికి దారి లేకపోతే వెదురు పలకదు, నీటికి దారి లేకపోతే గోడ నిలవదు. తమరు స్వామికి గోడ కట్టించారు, వీడు దాన్ని వేణువు చేశాడు. దొంగే కావచ్చు, మన స్వామి మాత్రం వెన్నదొంగ కాడా?”

రాజు పడిన సగాన్ని, నిలిచిన సగాన్ని మార్చి మార్చి చూసి, పకపకా నవ్వి, “ఈ చెయ్యి నరికితే మిగతా కన్నాలు ఎవడు వేస్తాడయ్యా!” అన్నాడు. దూదన్న మాత్రం నవ్వలేదు. తన చేతిని తానే గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పునాదిని నెర్రెలకు అందనంత లోతుకు, గట్టి నేల దాకా దించి, గోడను కొండవైపు కాస్త వాల్చి, వెనుక మన్ను తగలకుండా గులకరాళ్లు నింపి, అడుగున వరసగా కన్నాలు వదిలి పడమటి సగం మళ్లీ కట్టారు. పనంతా దూదన్న చేతి మీదుగానే జరిగింది. ఆ గోడ మళ్లీ పడలేదు, స్వామికి కన్నాల కన్నయ్య అన్న పేరు స్థిరపడింది.

నేటికీ తొలకరికి ముందు ఊరంతా వేపపుల్లలతో కన్నాల్లో పూడిక తీసి, ఒక్కొక్క కన్నం మూతికి ఇంత వెన్న రాస్తారు. మొదటి వాననీరు అందులోంచి దూకగానే స్వామి ఊదుతున్నాడని చప్పట్లు కొడతారు. ఆనాడు తొలి తీర్థం రాజవంశం వారికి కాదు, దూదన్న వంశం వారికి. ఆ వంశపు పెద్ద వచ్చి గర్భగుడి గడప ముందు నిలబడగానే అర్చకస్వామి ఉద్ధరిణె ఎత్తి, “చెయ్యి ఉందా నాయనా?” అని అడుగుతారు.

“ఉండాది సామీ” అంటూ అతడు కుడిచెయ్యి చాపుతాడు.