రేపటి విందు

జనం బాగా బతికే ఊరికే కొత్త కాలువ తవ్విస్తానని, ఆ బతుకేదో విందు పెట్టి చూపించమని అన్నాడు రాజు. చింతవరం పెత్తందారు వీరభూషణం తమ ఊరి తోపంతా కొట్టించి, నలభై బండ్ల కట్టెలతో మూడొందల మందికి ఇరవై రకాలు వండించాడు. నీళ్లులేక ఎండుతున్న గువ్వలపాడు తరఫున వంటలక్క నాంచారమ్మ, తమ ఊరి తోపులో రాలిన పుల్లలు రెండు మోపులతోనే మూడొందల మందికీ కడుపునిండా రొట్టె, పప్పు, పెరుగు పెట్టింది.

"ఏమే నాంచారూ, ఇది విందా, పథ్యమా?" అన్నాడు వీరభూషణం. రాజూ నవ్వాడు.

"ఏలినవారు తీర్పు రేపు చెప్పాలి. ఇదే వంట ఇద్దరం రేపూ చేస్తాం," అంది నాంచారమ్మ ధీమాగా.

వీరభూషణం గతుక్కుమన్నాడు. "రేపటికి కట్టెలెక్కడివి ప్రభూ? తోపులో మొద్దులే మిగిలాయి!"

"మా తోపు రేపూ పుల్లలు రాలుస్తుంది ప్రభూ. బాగా బతకడమంటే ఒక్కపూటేనా?"

కాలువ గువ్వలపాడుకే వచ్చింది. "నాంచారమ్మగారూ, మొక్కలు నాటుకోవాలి, కాసిని నీళ్లు వదలండి," అంటూ మొదట వచ్చింది వీరభూషణమే.