గాదె అడుగు

కొంగు లాగకే కుందనా, చెబుతున్నాను కదా. పండూ, ఆ దుప్పటి పీకులాట ఆపి ఊ కొట్టు. ఊ అనకపోతే నా నోరు కదలదు.

అనగా అనగా ఒక లంక. చుట్టూ గోదారి, నడిమధ్య నలభై గడపలు. శ్రావణం వచ్చిందంటే నది పొంగేది. పడవ ఆడదు, సంత ఉండదు. నెల కానీ, నెలన్నర కానీ, ఇంట్లో ఉన్నదే తినాలి. అందుకని అక్కడి ఆడవాళ్ళకి ఏడాదంతా ఒకటే పని, దాచడం. చింతపండు దాచు, చింతపండు పక్కన ఉప్పు దాచు, ఉప్పు పక్కన బెల్లం దాచు, బెల్లం పక్కన పప్పు దాచు, పప్పు వెనకాల బియ్యం దాచు.

ఆ లంకలో అచ్చియ్యమ్మ అని ఒకావిడ. ఆవిడ గాదె అంత గాదె ఎవరికీ లేదు, ఆవిడ నోరంత నోరూ ఎవరికీ లేదు. మొగుడు సూరప్ప మెత్తని మనిషి. పడవ నడిపే కొడుకు, మంగతాయారని కోడలు, నాలుగేళ్ళ మనవరాలు బుల్లెమ్మ. అంతే ఇల్లు.

ఆ లంకలో ఒక ఆచారం ఉండేది. గాదె అడుగు కంటపడకూడదు. కనబడితే లక్ష్మి లేచి వెళ్ళిపోతుందట. అందుకని పైన తీసేవాళ్ళు, పైనే పోసేవాళ్ళు. కొత్త బియ్యం కింద నిరుటివి, నిరుటివాటి కింద ముందటేటివి, వాటికింద ఎప్పటివో దేవుడికి కూడా తెలియదు. ఊ కొడుతున్నారా?

మంగతాయారు మెట్ట ఊరి పిల్ల. కాపురానికి వచ్చిన తొలి వేసవిలోనే అడిగింది, అత్తా, అన్నీ ఒకసారి కిందికి తీసి ఎండబెడదామా అని. అడుగున నేల చెమ్మ ఎక్కుతుంది, పాతవి ముందు వండుకుందాం అని. అచ్చియ్యమ్మ ఇంతెత్తున లేచింది.

"అడుగు చూస్తావుటే? మీ పుట్టింట్లో అడుగు తప్ప ఏమీ లేకపోబట్టే నిన్ను ఈ లంకకి తోలారు!"

కోడలు నోరు మూసుకుంది కానీ చెయ్యి మూసుకోలేదు. ప్రతి కుండ మీదా, ప్రతి జాడీ మీదా బొగ్గుతో గీతలు పెట్టింది. పోసిన నెలకి ఒక గీత, ఆపైన ప్రతి అమావాస్యకీ ఒకటి. వేరుశనగకి నాలుగు గీతలు దాటితే వాసన చూడాలి. పిండికి రెండు దాటకూడదు. ఉప్పుకి గీతే అక్కర్లేదు. మీ అమ్మ ప్యాకెట్టు తిరగేసి డేటు చూస్తుందే, అదే ఇది. అయితే డేటు ఉంది కదా అని ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే డేటు వచ్చి కాపాడుతుందా? డేటు పోయిందని ఉప్పు పారబోసేవాళ్ళనీ చూశాను నేను, ఒళ్ళు మండుతుంది! డేటూ చూడాలి, కళ్ళూ ముక్కూ కూడా పనిచెయ్యాలి.

సరే. ఆ గీతలు చూసి అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంది. తినే అన్నానికి చావు రోజు రాస్తావా, ఇంటికి అరిష్టం అని సున్నం తెచ్చి అన్నీ చెరిపేసింది. ఒక్క కుండ మిగిలింది. పొయ్యి వెనక, కోడలు వేయించి దంచి పెట్టుకున్న బియ్యప్పిండి కుండ. రెండు గీతలు కాగానే పాతది వాడేసి, కుండ కడిగి, ఎండబెట్టి, కొత్తది నింపేది. దొంగ కుండ అని అత్త దెప్పేది.

బుల్లెమ్మకి నాలుగేళ్ళు వచ్చిన ఏడు, ఎప్పుడూ లేనంత వరద వచ్చింది. కొడుకు అవతలి గట్టున చిక్కుకుపోయాడు. పది రోజులు గడిచాయి, ఇరవై గడిచాయి, నెల గడిచింది. నీళ్ళు తియ్యలేదు. గాదె పైన బియ్యం అయిపోయాయి, నడుమ బియ్యం అయిపోయాయి. అచ్చియ్యమ్మ చెయ్యి చాచి అడుగు నుంచి తీస్తే గడ్డలు వచ్చాయి. ఆకుపచ్చగా, ముక్కిపోయిన వాసనతో. వేరుశనగ తీస్తే నల్లగా, చేదుగా.

"కడిగి గట్టిగా ఉడికిస్తే వాసన పోతుంది," అంది అచ్చియ్యమ్మ.

"ఉడికిస్తే వాసన పోతుందేమో, విషం పోదత్తా," అంది కోడలు.

ఇరుగుపొరుగు ఇళ్ళలోనూ మంచి బియ్యం అయిపోయాయి, అరువు పుట్టదు. కడుపు నింపేది మిగిలింది ఆ పిండి కుండ ఒక్కటి. జావ కాచి నలుగురు తాగితే నాలుగు రోజులు. పసిపిల్ల ఒక్కతే తాగితే పదిహేను రోజులు. కోడలు ముసలాయన ముందు జావ పెట్టింది. ఆయన గిన్నె పక్కకి జరిపాడు.

"బుల్లికి పొయ్యమ్మా. నాది రాళ్ళు తిన్న కడుపు."

తెలిసే తిన్నాడర్రా ఆయన. మామూలు అన్నంలాగే కలుపుకుని ఆ ముక్కిన అన్నం తిన్నాడు. మొగుడు తింటుంటే అచ్చియ్యమ్మ కూడా తింది. కోడలు తినలేదు, చింతపండు నీళ్ళూ బెల్లంముక్కతో ఈడ్చుకొచ్చింది. మూడో రోజు ఇద్దరికీ వాంతులు, విరేచనాలు. అచ్చియ్యమ్మ కోలుకుంది. సూరప్ప కోలుకోలేదు. వరద తీయడానికి వారం ముందు పోయాడు.

ఏడవకే. కథంటే అందరూ బతికే ఉంటారని ఎవరు చెప్పారు నీకు?

నీళ్ళు తీశాయి. కొడుకు వచ్చాడు. కర్మకాండ అయింది. పన్నెండో రోజు దాటాక అచ్చియ్యమ్మ తనే నిచ్చెన వేసి, గాదెలో ఉన్నదంతా తోడి గోదాట్లో పోయించింది. మూలలు ఊడవడానికి బుల్లెమ్మని లోపలికి దింపారు.

"ఏముందే లోపల?" అంది అచ్చియ్యమ్మ పైనుంచి.

"ఏం లేదు నాయనమ్మా. మట్టి ఉంది."

"ఇంకేం లేదూ?"

"లేదు. చీమ ఉంది."

అప్పుడేడ్చింది అచ్చియ్యమ్మ. నిచ్చెన కాళ్ళ దగ్గర కూలబడి, ఆ మట్టి కోసమా నిన్ను చంపుకున్నాను అని మొగుణ్ణి పిలిచి పిలిచి ఏడ్చింది. లేచి కోడలి చేతిలో బొగ్గుముక్క పెట్టింది. తర్వాత గడప గడపకీ వెళ్ళింది. తియ్యండే, అడుగు చూడండే, పాతది ముందు వండండే అని పోట్లాడింది. తిట్టినవాళ్ళు తిట్టారు, తీసినవాళ్ళు తీశారు. తీసిన ప్రతి ఇంట్లోనూ అదే కుళ్ళు. అది చూసి తిట్టినవాళ్ళూ తీశారు.

మరుసటి వరదకి నలభై గడపల్లో నలభై గాదెలూ శుభ్రం. నెలన్నర ముంచినా ఒక్కరికి కడుపునొప్పి రాలేదు. దాచడం గొప్ప కాదర్రా. దాచింది ఎప్పటిదో తెలియకపోతే అది తిండి కాదు, ఇంట్లో పెట్టుకున్న గండం. పెద్దవాళ్ళు చెప్పారని కళ్ళు మూసుకోకండి, నేను చెప్పినా సరే.

ఆ లంక వాళ్ళంతా సుఖంగానే ఉన్నారు. సూరప్ప ఒక్కడే లేడు.

కథేమో కంచికి పడవెక్కింది. మనం ఈ గట్టునే ఉన్నాం, ఇక పడుకోండి.