పెద్దమ్మ వెబ్‌సైటుకు చలేసింది

"మీ వెబ్‌సైటు ఒక్కసారి నిలబడిందంటే ఇక ఒక్క క్షణం కూడా పడిపోదు. ఇది మా మాట."

ఈ మాట ఇచ్చింది పాలవెల్లి హోస్టింగ్ కంపెనీ. తప్పింది కూడా వాళ్ళే. ఎలా తప్పారో చెప్పేముందు మా ఇంటి తెలివి గురించి కాస్త చెప్పాలి. సామర్లకోటలో తెలివి మాట వస్తే చాలు, అందరూ మా ఇంటి వైపే చూస్తారు. చూసి నవ్వుతారు. అది అసూయని మా పెదనాన్న గవర్రాజు ఏనాడో తేల్చేశారు.

పెదనాన్నది పద్ధతైన తెలివి. బ్యాంకు తలుపు మీద 'మెల్లగా మూయండి' అని ఉంటే, పొద్దున పదింటికి మూయడం మొదలుపెట్టి భోజనాల వేళకి పూర్తి చేశారు. వీరభద్రం బాబాయిది జ్ఞాపకశక్తి గల తెలివి. మూడేళ్ళ కిందట మా గుమ్మం ముందు 'కొత్త సిమెంటు, తొక్కవద్దు' అని పలక పెట్టారు. పలక తీసేవాళ్ళు లేక అలాగే ఉంది. బాబాయి ఈ రోజుకీ కిటికీలోంచే ఇంట్లోకి వస్తాడు. ఇక నేను. నాకు పుస్తకాలున్నాయి, నినాదాలున్నాయి, ఊరేగింపుల్లో అరిచిన గొంతుంది. నా గురించి అంతే చాలు.

అసలు సంగతి మా పెద్దమ్మది. పెద్దమ్మ పాత చీరలతో బొంతలు కుడుతుంది. ఆవిడ కుట్టిన బొంత కప్పుకుంటే లేవబుద్ధి కాదు. ముప్పయ్యేళ్ళుగా వాటిని ఓ షాపు ఆయన తీసుకెళ్ళి, మూలకి తన పేరు కుట్టించి అమ్ముకుంటున్నాడు. కుట్టేది ఒకరు, పేరు ఇంకొకరిది! దున్నేవాడికే భూమి అని అరిచిన నోటితో నేనిది చూస్తూ ఊరుకోవాలా?

అప్పుడే విజయవాడలో చేతిపనుల మేళా అని కబురొచ్చింది. మార్చి ఒకటిన మొదలు. స్టాలు ఇస్తారు, స్టాలు మీద కుట్టినవాళ్ళ పేరే రాస్తారు. కాకపోతే ఎవరికి వాళ్ళకి సొంత వెబ్‌సైటు ఉండాలి.

పెద్దమ్మ సూది ఆపింది. "ఒక్కసారి, నా బొంత పక్కన నా పేరు చూసుకోవాలని ఉందిరా సూరీ," అంది.

ఇంకేముంది, ఇల్లంతా లేచింది.

ముందు సాఫ్ట్‌వేరు ఎంచుకోవాలి. రెండు రకాలు కనిపించాయి. ఒకటి కంపెనీది, నెలనెలా కట్టాలి. రెండోది ఉచితం, ప్రపంచం నలుమూలలా ఉన్న ప్రజలు కలిసి రాసింది.

"ప్రజలు రాసింది ప్రజలకే!" అని పిడికిలి ఎత్తాను.

"ప్రజలంటే ఎవర్రా?" అన్నారు పెదనాన్న.

"మనమే, పెదనాన్నా."

"మనం ఎప్పుడు రాశాం?"

బాబాయి కిటికీలోంచి ఒక కాలు లోపల పెట్టి ఆలోచించాడు. "రాసే ఉంటాం అన్నయ్యా. పనుల్లో పడి మర్చిపోయుంటాం."

అంతే, మేం రాసిన సాఫ్ట్‌వేరునే మేం ఎంచుకున్నాం. పెదనాన్న కాస్త గర్వంగా మీసం కూడా సవరించుకున్నారు.

ఇప్పుడది ఉండడానికి చోటు కావాలి. దాన్నే హోస్టింగ్ అంటారు. పాలవెల్లి కంపెనీకి ఫోను చేస్తే సుప్రజ అనే అమ్మాయి ఎత్తింది. పాపం, మాకు అర్థం కావాలని తేలిక మాటల్లో చెప్పింది.

"ఇల్లు అద్దెకి తీసుకోవడం లాంటిదే సార్. మా కంప్యూటర్లో మీ సైటుకి కాస్త చోటిస్తాం."

"ఇల్లా!" పెదనాన్న కండువా సర్దుకున్నారు. "ముందే చెప్పొద్దూ! ఏ ముఖం ఇల్లమ్మా?"

"సార్?"

"తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా?"

"సార్, అది ఓ పెట్టె. దానికి ముఖం ఉండదు."

"ముఖం లేని ఇల్లట," అన్నారు పెదనాన్న మా వైపు తిరిగి. "పోనీలే, వీధిపోటు బాధ లేదు. నూతి నీళ్ళా, కుళాయా?"

"సార్, ఆ పెట్టెలుండే గదిలోకి నీళ్ళ సీసా కూడా పట్టుకెళ్ళనివ్వరు."

"వినండర్రా, నీళ్ళు లేవట! సరే, ఆ ఇంట్లో మేం ఒక్కళ్ళమేనా?"

"లేదు సార్, షేర్డ్ ప్లాను కదా. మీతో పాటు నాలుగొందల సైట్లు ఉంటాయి."

పెదనాన్న ఫోను చేత్తో మూసి మా వైపు చూశారు. "నాలుగొందల కాపురాలర్రా!"

"దొడ్లు ఎన్నో కనుక్కో అన్నయ్యా," అన్నాడు బాబాయి.

పెద్దమ్మ మాత్రం, "జనం మధ్యన ఉండడమే మంచిదిలెండి. మాట సాయం ఉంటుంది," అంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఐక్యత వర్ధిల్లాలి! ఇల్లు ఖాయం చేసేశాం.

కానీ చేరేముందు తెర మీద ఒక గడి వచ్చింది. 'నిబంధనలన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను' అని ఉంది. పక్కన ఓ చిన్న డబ్బా, నొక్కడానికి.

"చదవకుండా చదివానని నొక్కడం అబద్ధం," అన్నారు పెదనాన్న.

నిజమే కదా! అంతే, స్నానం చేసి, పీట వేసుకుని, కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు. నలభై ఏడు పేజీలు. ఒక్కొక్క వాక్యం చదవడం, మేమందరం 'ఒప్పుకుంటున్నాం' అనడం. వీధిలో వాళ్ళు ఏదో పారాయణం అనుకుని పళ్ళెంలో పూలు తెచ్చారు. పదమూడో నిబంధన దగ్గర బాబాయి ఒప్పుకోలేదు. బతిమాలితే సాయంత్రానికి ఒప్పుకున్నాడు. రెండో రోజు ఆఖరి పేజీ ముగించి, హారతి ఇచ్చి, డబ్బా నొక్కితే ఏమొచ్చింది? 'మీ సమయం మించిపోయింది. మళ్ళీ మొదలుపెట్టండి.'

పెదనాన్న వెంటనే ఇంకో కొబ్బరికాయ తెమ్మన్నారు.

మూడో పారాయణానికి పెదనాన్నకి అంతా కంఠతా వచ్చేసి, గడువులోపే ముగించారు. సైటు తెరుచుకుంది. అందులో అప్పటికే అన్నీ అమర్చి ఉన్నాయి. పైన పెద్ద అక్షరాలతో 'మీ పేరు ఇక్కడ'. దాని కింద ఎవరో పొట్టి జుట్టు ఆవిడ, కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతూ.

"ఎవర్రా ఈవిడ?" అన్నాడు బాబాయి.

"మాదిరి బొమ్మ బాబాయ్. తీసేసి పెద్దమ్మ ఫొటో పెట్టాలి," అన్నాను.

పెద్దమ్మ చెంపలేసుకుంది. "తప్పురా! మనకన్నా ముందొచ్చి కూచున్న మనిషిని లేవగొడతామా? కాఫీ కూడా సగమే తాగింది."

తాగడం అయ్యాక ఆవిడే వెళుతుందని రెండు రోజులు చూశాం. వెళ్ళలేదు. సరే, ఉండనిచ్చాం. బొంతల ఫొటోలు అరవై ఒకటి ఆవిడ పక్కనే పెట్టాం.

ఇక పేరు. దీని కోసమే కదా ఇంత పాటు! నేను కుర్చీ జరిపి, "పెదనాన్నా, మీ చేత్తో మీరే కొట్టండి," అన్నాను.

పెదనాన్న సిగ్గుపడిపోయారు. "నలభయ్యేళ్ళ కాపురంలో దాన్ని పేరు పెట్టి పిలిచానట్రా నేను? ఇప్పుడు ఊరందరి ముందూ పిలవమంటావా?"

"వదిన పేరు నేనెలా రాస్తాను?" అన్నాడు బాబాయి, సగం కిటికీ అవతలికి జారిపోతూ.

నేనా? పెద్దవాళ్ళని పేరు పెట్టి రాయనని నాకూ నియమమే. విప్లవం వేరు, మర్యాద వేరు.

"నువ్వే రాసుకో పెద్దమ్మా," అన్నాను.

"ఛీ, నా పేరు నేనే రాసుకుంటే టెక్కు అనుకోరూ?" అంది పెద్దమ్మ. అని మళ్ళీ తెర వైపు చూసింది. "అయినా అక్కడ రాసే ఉందిగా, పేరు ఇక్కడ అని. చోటు చూపించాక ఎవరికైనా తెలియదూ?"

అందరికీ సబబుగానే తోచింది. అలాగే వదిలేశాం. స్టాలు ఇమ్మని మేళా వాళ్ళకి సైటు చిరునామా పంపాం.

ఇల్లు చేరాం కనక పాలు పొంగించాలి. పెదనాన్న మళ్ళీ సుప్రజకి ఫోను చేశారు.

"అమ్మా, ఓ చిన్న గిన్నెలో పాలు పొంగిస్తే చాలు. శ్రమనుకోకు."

"సార్, అక్కడ పొయ్యి వెలిగిస్తే నా ఉద్యోగం పోతుంది! ఆ గది ఎప్పుడూ పద్దెనిమిది డిగ్రీల్లో చల్లగా ఉండాలి. పగలూ రాత్రీ, ఏడాది పొడుగునా."

ఫోను పెట్టేశారు.

"పద్దెనిమిది," అన్నాడు బాబాయి. "ఏడాది పొడుగునా. పైగా నిలబడే ఉంటుందని మాట కూడా ఇచ్చారు. కూచోనివ్వరు, పడుకోనివ్వరు."

"నా సైటు!" అంది పెద్దమ్మ. "ఆ కాఫీ ఆవిడ చేతుల్లేని జాకెట్టు వేసుకుందిరా!"

ఇంకేముంది! ఇంట్లో ఉన్నవి అరవై ఒక్క బొంతలూ మూట కట్టాం. కంపెనీ వాళ్ళ సర్వరు గది చిరునామాకి లారీలో పంపాం. పైన నేనే చీటీ రాశాను: 'మా సైటు ఉన్న పెట్టెకు కప్పండి. అది ఏ పెట్టో తెలియకపోతే అన్నిటికీ కప్పండి. ఒక్కరికి కష్టమొస్తే అందరిదీ!'

ఆ పూట అక్కడ కొత్త వాచ్‌మన్ ఉన్నాడట. చీటీ చదివాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. మా ఇంట్లో పుట్టాల్సినవాడు. ఒక్కొక్క పెట్టెకీ పెద్దమ్మ బొంత కప్పి, గాలి దూరకుండా అంచులు కూడా దోపాడు. పెద్దమ్మ బొంత సంగతి చెప్పానుగా. గంటలో పెట్టెలన్నీ పొయ్యి మీద పెనాల్లా వేడెక్కిపోయాయి. మా సైటు పడిపోయింది. దానితో పాటు నాలుగొందల కాపురాలూ పడిపోయాయి.

సుప్రజ ఏడుపు గొంతుతో ఫోను చేసింది. "సార్, మీ సైటు పడిపోయింది!"

"అయ్యో! దెబ్బలు తగిలాయా?" అన్నారు పెదనాన్న.

"బొంతలు ఎవరు పంపమన్నారు సార్?"

నేను ఫోను లాక్కున్నాను. "ఒక్క క్షణం కూడా పడిపోదని మాటిచ్చిందెవరు? ముందు దానికి జవాబు చెప్పండి! మాట తప్పిన కంపెనీ డౌన్ డౌన్!"

"సార్, మీ కంపెనీయే సార్... అంటే మా కంపెనీయే సార్... సార్, ప్లీజ్ సార్," అని ఆ అమ్మాయి నిజంగానే ఏడ్చేసింది. పెద్దమ్మ ఫోను తీసుకుని, "ఊరుకో తల్లీ, నువ్వూ ఓ బొంత ఉంచుకో," అంది. మిగిలిన అరవై బొంతలూ నాలుగో రోజుకి వెనక్కొచ్చాయి, పాపం ఇంకా వెచ్చగానే.

కానీ సైటు పడిపోకముందే మేళా వాళ్ళు అది చూశారట! ఫిబ్రవరి మొదట్లో మేళా ఆఫీసు గుమాస్తా పురుషోత్తంగారి ఫోను వచ్చింది. స్టాలు ఇచ్చారు. బోర్డు కూడా రాయించేశారు.

"బోర్డు మీద ఏం రాశారండీ?" అంది పెద్దమ్మ, ఫోను అందుకుని.

"సైటులో ఉన్నదే అమ్మా. 'మీ పేరు ఇక్కడ' అని. బొమ్మ కూడా వేయించాం, కాఫీ కప్పుతో. వచ్చేది మీరేగా?"

పెద్దమ్మ ఫోను నా చేతికిచ్చి, బొంతల మూట మీద కూచుంది. షాపు ఆయన పేరు కింద ముప్పయ్యేళ్ళు. ఇప్పుడు కాఫీ ఆవిడ బొమ్మ కింద. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

"బోర్డు మార్చాలి!" అని అరిచాను.

"మారుస్తాం బాబూ. ఆవిడ పేరు చెప్పండి."

నేను పెదనాన్న వైపు చూశాను. పెదనాన్న బాబాయి వైపు చూశారు. బాబాయి కిటికీ దిగి వెళ్ళిపోయాడు.

"పోనీ ఉత్తరం రాయండి," అన్నారు పురుషోత్తంగారు విసిగిపోయి. "మార్చి ఒకటిన మేళా. ఆ ముందు రోజు సాయంత్రం అయిదు దాటితే మాత్రం నేనేం చెయ్యలేను."

అంతే, కాగితం తీశాను. ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను.

'మేళా కమిటీ వారికి. కుట్టిన చేతికే పేరు! ఇది భిక్ష కాదు, హక్కు! మా పెద్దమ్మ స్టాలు మీద మా పెద్దమ్మ పేరే ఉండాలి. మా ఇంట్లో ఆమె పేరు పలికేవారూ రాసేవారూ లేరు కనుక, ఆమె పేరేమిటో మీరే కనుక్కుని, వెంటనే మాకు జవాబు రాయాలి. సాకులు వినం.'

"గడువు తేదీ వెయ్యరా," అన్నారు పెదనాన్న. "మార్చి ఒకటికి ముందు రోజు. అద్దెల లెక్కలో నెలంటే ముప్పై రోజులు."

క్యాలెండరు చూశాం. అచ్చువేసినవాడు ఇరవై ఎనిమిదితో ఆపేశాడు, బద్ధకస్తుడు. పక్కన ఖాళీగా ఉన్న రెండు గళ్ళలో పెదనాన్న పెన్నుతో అంకెలు వేశారు. రెండో దాని చుట్టూ పెద్దమ్మ తన చేత్తో కుంకుమ బొట్లు పెట్టింది. ఆ రోజుకే విజయవాడ బండి మాట్లాడుకున్నాం. ఉత్తరం కింద నేను ఆఖరి వాక్యం రాశాను.

'జవాబు ఫిబ్రవరి ముప్పయ్యో తేదీ సాయంత్రం అయిదు గంటల్లోగా మాకు అందాలి. ఆపైన ఒక్క నిమిషం కూడా ఆగం.'