ఆకు దూసిన కాడలు

అనగనగా కుంభపురంలో ఒక రాజు. ఆ రాజుకి నోరు చేదెక్కింది. గారెలు పెడితే చేదు, పాయసం పెడితే చేదు, చివరికి గంజి పోసినా చేదే! తిండి లేక మనిషి చిక్కి సగమయ్యాడు. "పుదీనా పచ్చడి ఒక్కటే మందు. లేకపోతే నెల గడవడం కష్టం" అన్నాడు వైద్యుడు. కానీ పుదీనా ఏదీ? లోకంలోని పుదీనా అంతా గండశిలుడనే మాయావి పెరుక్కుపోయి, ఏడు సముద్రాల అవతల తన తోటలో పెట్టుకున్నాడాయె!

పెద్దకొడుకు వెళ్ళి కత్తి దూశాడు, రాయైపోయాడు. నడిమివాడు వెళ్ళి గోడ దూకాడు, వాడూ రాయైపోయాడు. ఇక మిగిలింది చిన్నవాడు మణికేతుడు. వీడికి కత్తికంటే గరిటె ముద్దు. పొద్దస్తమానం వంటింట్లో వంటమనిషి పేరమ్మ పక్కనే ఉండేవాడు.

"నాన్నను నేను బతికించుకుంటాను" అని బయల్దేరి ఏడు సముద్రాలూ దాటాడు. తోట గుమ్మంలో పంజరం, పంజరంలో చిలుక.

"రాకుమారా, నేను హేమరేఖని. మాయావి నన్నిలా చిలుకను చేశాడు. తోట బయట ఒక్క పుదీనా చిగురు వేసిందా, వాడి పని సరి! కానీ ఆకుతో గుమ్మం దాటావంటే రాయైపోతావు" అంది.

మణికేతుడు నవ్వుకున్నాడు. వంటవాణ్ణని చెప్పి తోటలో చేరి, మూడు రోజులు మాయావికి మూడు రకాలుగా పుదీనా వండిపెట్టాడు. మాయావి వేళ్ళు నాక్కుంటూ, "ఆకు తప్ప ఏదైనా కోరుకో!" అన్నాడు.

"ఆకులు దూసి పారేసిన ఈ కాడలు చాలు స్వామీ. మా నాన్నకు వాసనైనా చూపిస్తాను. తోడుకి ఆ చిలుక."

పుట్టి బుద్ధెరిగి ఒక్కసారైనా ఆకు దూసి ఎరుగడు మాయావి. "రెండూ పట్టుకుపో! అది ఒకటే వాగుడు" అన్నాడు.

కాడల్ని తడిగుడ్డలో చుట్టుకొచ్చి, బియ్యం కడిగిన నీళ్ళు పారే చోట, గోడ నీడన గుచ్చాడు మణికేతుడు. "పుల్లలు నాటాడు!" అని కోటంతా నవ్వింది. పేరమ్మ మాత్రం నవ్వలేదు. ఒకరోజు గడిచింది, మూడు రోజులు గడిచాయి, ఆరు రోజులు గడిచాయి. రాజు కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఏడో రోజు మాయావి తన చెత్తకుప్ప వైపు చూశాడు. పారేసిన కాడలకి తెల్లగా వేళ్ళు! గాలిలో ఎగిరొచ్చి కుంభపురం పెరట్లో దబ్బున దిగాడు. తొక్కేద్దామని కాలెత్తాడు. అమ్మో!

సరిగ్గా అప్పుడే కణుపు దగ్గర చిట్టి చిగురు విచ్చుకుంది. ఎత్తిన కాలు ఎత్తినట్టే పొగైపోయింది, కాలి వెంట మాయావీ పొగైపోయాడు! చిలుక అమ్మాయైంది. అక్కడ రాళ్ళైన అన్నలు మళ్ళీ మనుషులై ఇంటిదారి పట్టారు.

నాలుగు ఆకులొచ్చాక పేరమ్మ పచ్చడి నూరింది. రాజు నాలికకు రాసుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు రాజు.

రుచి తెలిసింది! మణికేతుడు పేరమ్మను పట్టుకుని బావురుమన్నాడు, సంతోషం పట్టలేక.

హేమరేఖతో పెళ్ళయింది. తుంచేకొద్దీ గుబురెక్కే పుదీనాలా వాళ్ళ వంశం పెరిగింది. పెళ్ళికొచ్చిన వాళ్ళందరికీ తాంబూలంతోపాటు తలా ఒక కాడ ఇచ్చారు, ఆకు దూసింది!